డిపాజిట్‌లో సగం పైగా కోసేస్తామంటున్నారు, ఏ స్కీమ్‌లో పెట్టారంటే చెప్పరు (ఇంగ్లాండ్)

కావెంట్రీ_కుర్రాడు
కావెంట్రీలో రెండేళ్లు ఉన్న ఫ్లాట్ పోయిన నెల ఖాళీ చేశాం, నేనూ నా ఫ్రెండూ. అగ్రిమెంట్‌లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అద్దె నెలకు 975 పౌండ్లు, డిపాజిట్ 1,350. తాళాలు తీసుకునేటప్పుడు ఏజెంట్ ఇల్లంతా ఒక చుట్టు చుట్టి, అంతా బాగుంది అని చెప్పి వెళ్లాడు. ఇప్పుడు మెయిల్ పంపాడు. క్లీనింగ్‌కి 240, కార్పెట్‌కి 300, గోడలకి పెయింట్ 180. మొత్తం 720 పోను 630 వేస్తారట. "ఒప్పుకుంటున్నాను" అని రిప్లై ఇస్తే ఐదు రోజుల్లో డబ్బు అకౌంట్‌లో పడుతుందట.

ఇక్కడ అద్దె డిపాజిట్‌ని ఓనర్లు ఒక రక్షణ స్కీమ్‌లో పెట్టాలి కదా, ఏ స్కీమ్‌లో పెట్టారో చెప్పండి అని అడిగాను. ఆ ఒక్క ప్రశ్న తప్ప మిగతా అన్నిటికీ జవాబిస్తున్నాడు. అలాంటి స్కీమ్ ఒకటి డీపీఎస్, దాని సైట్‌లో వెతికితే ఏమీ రాలేదు. వచ్చింది తీసుకుని వదిలేద్దాం, ఎందుకీ టెన్షన్ అంటున్నాడు ఫ్రెండ్. నాకు మనసు ఒప్పడం లేదు. ఏం చేయాలి?

పప్పుచారు
ముందు ఆ "ఒప్పుకుంటున్నాను" అనే మాట రాయకు. మిగతాది తీరిగ్గా చూడొచ్చు.

నైట్‌షిఫ్ట్_నాని
డీపీఎస్ ఒక్కటే కాదు బ్రో. ఇంగ్లాండ్, వేల్స్‌లో ప్రభుత్వం ఒప్పుకున్న స్కీములు మూడు: డీపీఎస్, మైడిపాజిట్స్, టీడీఎస్. మూడింట్లోనూ వెతకాలి. పోస్ట్‌కోడ్, సర్‌నేమ్, డిపాజిట్ ఎంత, అద్దె మొదలైన తేదీ, ఇలాంటివి అడుగుతారు.

ఇక్కడ మనవాళ్లకి ఒక చిక్కు ఉంది. మన ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్ట్‌లో ఒకలా, బ్యాంకులో ఒకలా ఉంటుంది. ఏజెంట్ ఏది సర్‌నేమ్ అనుకుని కొట్టాడో ఎవరికి తెలుసు? ఇంటిపేరుతో రాకపోతే అసలు పేరుతో చూడు. తర్వాత ఫ్రెండ్ పేరుతో, అలాగే రెండు రకాలుగా చూడు.

మిర్చిబజ్జి
నాది పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ ఖాళీ. కౌన్సిల్ వాళ్లకి నేను "ఎఫ్ఎన్‌యూ", అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్. నన్ను ఏ స్కీమ్‌లో వెతుక్కోవాలి 😭

లా_చదువుతున్నా
వెతికే లోపు ఇంకో మాట. 975 అద్దెకి 1,350 డిపాజిట్ ఎలా తీసుకున్నారు? 2019 జూన్ 1 నుంచి ఇంగ్లాండ్‌లో టెనెంట్ ఫీజ్ యాక్ట్ ఉంది. ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపుంటే డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించకూడదు.

లెక్క వేద్దాం. 975ని 12తో గుణిస్తే 11,700. దాన్ని 52తో భాగిస్తే వారానికి 225. ఐదు వారాలకి 1,125. నీ దగ్గర తీసుకున్నది సరిగ్గా ఆరు వారాలది. ఆరు వారాలు తీసుకోవచ్చు, కానీ ఏడాది అద్దె 50,000 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటేనే. కావెంట్రీలో మీ ఇద్దరూ ఆ స్థాయి బంగ్లాలో లేరనుకుంటున్నా.

ఆ పైన తీసుకున్న 225 చట్టం వద్దన్న వసూలు. కార్పెట్‌తోనూ పెయింట్‌తోనూ దానికి సంబంధం లేదు, విడిగా వెనక్కి అడగొచ్చు. ఇవ్వకపోతే కౌన్సిల్ ట్రేడింగ్ స్టాండర్డ్స్ ఉంది, ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్ ఉంది.

పప్పుచారు
అంటే వాడు కోస్తానంటున్న డబ్బులో కొంత అసలు తీసుకోవడమే తప్పన్నమాట. భలే ఏజెంట్.

కావెంట్రీ_కుర్రాడు
నాని అన్నా, దొరికింది! మైడిపాజిట్స్‌లో ఉంది. మా ఫ్రెండ్ అసలు పేరుని సర్‌నేమ్‌గా పెట్టారు, నా పేరు రెండో కాలమ్‌లో తప్పు స్పెల్లింగ్‌తో ఉంది. ఇన్సూర్డ్ అని రాసి ఉంది. మేం డబ్బు వేసింది సెప్టెంబర్ 2న. స్కీమ్‌లో పెట్టిన తేదీ నవంబర్ 14. ఇది పర్వాలేదా?

లా_చదువుతున్నా
పర్వాలేదు అనడానికి వీల్లేదు. డబ్బు చేతికి వచ్చిన 30 రోజుల్లో స్కీమ్‌లో పెట్టాలి. అదే 30 రోజుల్లో వివరాల కాగితం కూడా మీకివ్వాలి: ఏ స్కీమ్, ఎంత, ఏ ఇంటికి, ఏ కారణాలతో కోయొచ్చు, గొడవ వస్తే ఎవర్ని కలవాలి. ఇది 2004 హౌసింగ్ యాక్ట్‌లోని నియమం, 2007 ఏప్రిల్ 6 నుంచి అమలులో ఉంది. మొదట్లో గడువు 14 రోజులే, 2012లో 30 చేశారు. మీ వాళ్లు దాన్ని కూడా రెండింతలు దాటారు.

ఆ కాగితం ఎప్పుడైనా వచ్చిందా? మెయిల్‌లో "ప్రిస్క్రైబ్డ్ ఇన్ఫర్మేషన్" అని వెతుకు. స్పామ్‌లోనూ చూడు.

కావెంట్రీ_కుర్రాడు
రాలేదు. స్పామ్‌లో చపాతీ మేకర్ ఆఫర్లు మాత్రమే ఉన్నాయి.

గోదారి_గట్టు
"ఇన్సూర్డ్" అంటే ఏంటో ఎవరైనా మామూలు భాషలో చెప్పండి. మా అగ్రిమెంట్‌లో "కస్టోడియల్" అని ఉంది. ఏది మంచిది?

నైట్‌షిఫ్ట్_నాని
కస్టోడియల్ అంటే డబ్బు స్కీమ్ దగ్గరే ఉంటుంది. ఓనర్ దానికి ఫీజు కట్టక్కర్లేదు. ఇన్సూర్డ్ అంటే డబ్బు ఓనర్ దగ్గరో ఏజెంట్ దగ్గరో ఉంటుంది, వాళ్లు ఫీజు కట్టి స్కీమ్‌తో బీమా చేయించుకుంటారు. గొడవ వస్తే తేలని మొత్తాన్ని స్కీమ్‌కి పంపాలి. పంపకపోయినా, తీర్పు నీ వైపు వస్తే స్కీమ్ నీకు ఇచ్చేసి తర్వాత వాళ్ల వెంట పడుతుంది. రెండింట్లోనూ నీ డబ్బు భద్రమే. మనశ్శాంతి మాత్రం కస్టోడియల్‌లోనే ఎక్కువ, ఎందుకంటే ఓనర్ ఫోన్ ఎత్తకపోయినా డబ్బు ఆయన దగ్గర లేదు కదా.

రెడింగ్_ఓనర్
అవతలి పక్కన ఉన్నవాడిగా ఒక మాట. నాకు రెడింగ్‌లో ఒక ఫ్లాట్ ఉంది, అద్దెకిస్తాను. ఈ థ్రెడ్ చదువుతుంటే ఓనర్లందరూ దొంగలన్నట్టుంది. నా చివరి టెనెంట్లు మనవాళ్లే. పొయ్యి మీంచి దించిన కుక్కర్ తిన్నగా వంటింటి కౌంటర్ మీద పెట్టారు. గుండ్రంగా నల్లటి మచ్చ. ఇంట్లోకి వచ్చేటప్పుడు తీసిన ఫొటోలు, వెళ్లేటప్పుడు తీసిన ఫొటోలు, మార్పించడానికి 400 పౌండ్ల కొటేషన్, అన్నీ స్కీమ్ వాళ్లకి పంపాను. వచ్చింది 90.

ఉప్మా_వద్దు
90 ఎలా వచ్చిందండీ? మచ్చ పడింది నిజమే కదా.

రెడింగ్_ఓనర్
కౌంటర్ అప్పటికే ఎనిమిదేళ్లది. పాతదానికి బదులు కొత్తది టెనెంట్ డబ్బుతో నాకు దక్కకూడదు అన్నది వాళ్ల సూత్రం. మిగిలిన ఆయుష్షుకి ఎంత విలువ ఉంటుందో అంతే ఇస్తారు. నాకు కోపం వచ్చింది కానీ లెక్క అర్థమైంది. అందుకే కావెంట్రీ తమ్ముడికి చెప్తున్నా: నీ కార్పెట్ 300 దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న, ఆ కార్పెట్ ఏ సంవత్సరంలో వేశారు, బిల్లు ఉందా అని.

లా_చదువుతున్నా
ఓనర్ గారు చెప్పింది ఈ థ్రెడ్‌లో అందరూ సేవ్ చేసుకోవాల్సిన పోస్టు. ఉదాహరణకి కార్పెట్ పదేళ్లు మన్నుతుంది అనుకుందాం. 600 పెట్టి వేసి ఏడేళ్లయింది. పూర్తిగా పాడు చేసినా మిగిలింది మూడేళ్లు, అంటే 180 దాకానే అడగగలరు. నడిచి నడిచి అరిగిపోయి ఉంటే అదీ లేదు. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకి టెనెంట్ బాధ్యుడు కాడు. ఇద్దరు రెండేళ్లు ఉన్న ఇంట్లో ఆ మాత్రం అరుగుదల ఉంటుంది.

ఇంకోటి. డిపాజిట్ టెనెంట్ సొమ్ము. దాంట్లోంచి కోయాలంటే కోతకి కారణం చూపించాల్సింది ఓనరే. నువ్వు పాడు చేయలేదని నువ్వు నిరూపించక్కర్లేదు. చాలామంది ఇది తెలియక తలకిందులుగా వాదించి నలిగిపోతారు.

మిర్చిబజ్జి
పెయింట్ 180 దేనికి? పోపు పొగకా, దేవుడి పటానికి కొట్టిన మేకులకా?

కావెంట్రీ_కుర్రాడు
మేకు ఒక్కటీ కొట్టలేదు. దేవుడి పటం కిటికీ గట్టు మీదే ఉండేది. "వంటింటి గోడ మీద పసుపు రంగు మచ్చలు" అని రాశాడు. 😶

మిర్చిబజ్జి
పసుపే. నిజం ఒప్పుకో.

కావెంట్రీ_కుర్రాడు
ఒక చోట ఉంది, చిన్నది. గది మొత్తానికి పెయింట్ అంటే మాత్రం అన్యాయం.

గోదారి_గట్టు
చెక్-ఇన్ రిపోర్ట్ ఉందా? ఇంట్లో దిగిన రోజు ఏ గది ఎలా ఉందో రాసిన ఇన్వెంటరీ. అది లేకుండా ఓనర్ మాట నిలబడటం కష్టం. అప్పుడెలా ఉందో తెలియకుండా ఇప్పుడు పాడైందని ఎలా అంటారు?

కావెంట్రీ_కుర్రాడు
ఒక పీడీఎఫ్ ఉంది. మా సంతకాలు లేవు. కార్పెట్ దగ్గర "ఫెయిర్" అని ఒక్క ముక్క రాశారు. కానీ అడిగారు కాబట్టి గుర్తొచ్చింది: దిగిన రోజు అమ్మకి ఇల్లు చూపించడానికి వీడియో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. ఇప్పుడే చూశా. హాల్లో సోఫా పక్కన మరక అప్పుడే ఉంది! "ఆ మరకేంట్రా, తుడిపించు" అని అమ్మ వాయిస్ మెసేజ్ కూడా ఉంది.

పప్పుచారు
అమ్మ దగ్గర చెక్-ఇన్ రిపోర్ట్ రాయించి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

నైట్‌షిఫ్ట్_నాని
ఆ వీడియో తేదీతో సహా కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన కాపీ కాదు, ఫోన్‌లో అసలు ఫైల్ ఉంటే అది. అమ్మ వాయిస్ మెసేజ్‌కి ఇంగ్లీషులో రెండు లైన్లు రాసి జత చెయ్.

ఉప్మా_వద్దు
క్లీనింగ్ 240 గురించి ఎవరూ మాట్లాడలేదు. మా అగ్రిమెంట్‌లో "ప్రొఫెషనల్ క్లీనింగ్ చేయించి రసీదు చూపాలి" అని ఉంది. అది తప్పదా?

లా_చదువుతున్నా
ఇంగ్లాండ్‌లో ఆ షరతు చెల్లదు. దిగినప్పుడు ఎంత శుభ్రంగా ఉందో అంత శుభ్రంగా ఇవ్వాలి, అంతే. నువ్వే తుడుచుకుంటావో మనిషిని పెడతావో నీ ఇష్టం. ఓవెన్ లోపల జిడ్డు వదిలేసి వస్తే మాత్రం కోస్తారు, అది న్యాయమే. మనవాళ్ల కేసుల్లో ఓవెన్ కన్నా పొయ్యి పైన ఉండే ఎక్స్‌ట్రాక్టర్ జాలీ దగ్గర ఎక్కువ దొరుకుతారు. ఖాళీ చేసేముందు దాన్ని విప్పి వేడినీళ్లలో నానబెట్టండి.

హౌన్‌స్లో_హరి
ఇంత రామాయణం ఎందుకండీ. నేనైతే చివరి నెల అద్దె కట్టను. డిపాజిట్‌లో సర్దుకోమంటాను. కూకట్‌పల్లిలో ఉన్నప్పుడూ అంతే చేశాను. ఎవరూ ఎవరి వెనకా తిరగక్కర్లేదు.

రెడింగ్_ఓనర్
హరి గారూ, ఇక్కడ అలా చేస్తే మీరు ఒక నెల అద్దె బాకీ ఉన్నవాళ్లవుతారు. డిపాజిట్ అద్దెకి పోతే కౌంటర్ మీద మచ్చకి నేనెక్కడికి పోవాలి? కోర్టుకి పోతాను. తీర్పొచ్చాక కూడా మీరు కట్టకపోతే అది మీ క్రెడిట్ రికార్డులోకి ఎక్కుతుంది. తర్వాతి ఇంటికి రిఫరెన్స్ అడిగితే నేను అబద్ధం చెప్పలేను.

హౌన్‌స్లో_హరి
నాకు ఇప్పటిదాకా ఏమీ కాలేదు.

గోదారి_గట్టు
హెల్మెట్ లేకుండా బండి నడిపేవాడూ అదే అంటాడు. హైదరాబాద్‌లో రెండు మూడు నెలల అడ్వాన్స్ ఓనర్ జేబులోకి పోయి, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల మాయమవుతుంది. అక్కడ అడగడానికి మనిషి లేడు కాబట్టి చివరి నెల ఎగ్గొట్టడం మనకి అలవాటైంది. ఇక్కడ అడగడానికి పైసా ఖర్చు లేని దారి ఉంది కదా.

మిర్చిబజ్జి
బెంగళూరులో పది నెలల అడ్వాన్స్ కట్టిన వాళ్లు ఈ థ్రెడ్ చదివి ఏడుస్తున్నారు.

కావెంట్రీ_కుర్రాడు
సరే, ఇప్పుడు వరసగా ఏం చేయాలి? 30 రోజులు దాటించారు కాబట్టి ఏదో జరిమానా ఉంటుందని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు. మూడింతలు వస్తుందా?

లా_చదువుతున్నా
రెండు దారులున్నాయి, వాటిని కలిపేయకు.

ఒకటి, కోతల గొడవ. 720కి ఒప్పుకోవట్లేదని ఏజెంట్‌కి రాసి, స్కీమ్‌లో డిస్‌ప్యూట్ వెయ్. ఉచితం. ఆలస్యం చేయకు, స్కీములకి గడువులుంటాయి. ఇద్దరి కాగితాలూ చూసి అడ్జుడికేటర్ ఒకరు తేలుస్తారు. ఇంటికొచ్చి చూడరు, ఫోన్ చేసి మాట్లాడరు, నువ్వు పంపిందే చూస్తారు. ఆ తీర్పుకి ఇద్దరూ కట్టుబడాలి. దీనికి ఓనర్ కూడా ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే మిగిలేది కోర్టే. గొడవ లేని 630 ముందే వేయమని అడుగు. ఎంత ఇవ్వాలో ఇద్దరూ ఒప్పుకున్నాక 10 రోజుల్లో వేయాలి.

రెండోది జరిమానా. అది స్కీమ్ ఇవ్వదు, కౌంటీ కోర్టే ఇవ్వాలి. గడువు దాటించినా, ఆ వివరాల కాగితం ఇవ్వకపోయినా, డిపాజిట్‌కి ఒకటి నుంచి మూడింతల దాకా వేయొచ్చు. మీ కేసులో 1,350 నుంచి 4,050 మధ్య. ఎంత అన్నది జడ్జి ఇష్టం, నిర్లక్ష్యం ఎంతో చూస్తారు. ఆలస్యంగానైనా పెట్టారు కాబట్టి మూడింతలు అని కలలు కనకు. కానీ తప్పు రుజువైతే ఒక ఇంత కన్నా తగ్గించే అధికారం జడ్జికి లేదు. ఓనర్ మీదే కాదు, డిపాజిట్ తీసుకున్న ఏజెంట్ మీద కూడా వేయొచ్చు. ఆరేళ్ల వరకు టైముంది. అగ్రిమెంట్‌లో ఇద్దరూ ఉన్నారు కాబట్టి ఇద్దరూ కలిసి వేయాలి, నీ ఫ్రెండ్‌ని ఒప్పించు.

రెడింగ్_ఓనర్
కోర్టు అనగానే అందరికీ ఉత్సాహం వస్తుంది. ఇది మామూలు చిన్న మొత్తాల కేసులా నడవకపోవచ్చని కూడా చెప్పండి. ఓడితే అవతలివాళ్ల లాయర్ ఖర్చు మీద పడే ప్రమాదం ఉంది. ముందు షెల్టర్, సిటిజన్స్ అడ్వైస్ లాంటి ఉచిత సలహా సంస్థలకి ఫోన్ చేసి కాగితాలు చూపించమనండి.

లా_చదువుతున్నా
ఒప్పుకుంటాను, అది చెప్పాల్సిందే. కావెంట్రీ, అయితే వెంటనే కోర్టుకి పోనక్కర్లేదు. తేదీలు రెండూ రాసి, కాగితం అందలేదని రాసి, 225 ఎక్కువ తీసుకున్నారని రాసి ఒక మర్యాదైన మెయిల్ పెట్టు. చాలా కోతలు అక్కడే కరిగిపోతాయి. అప్పుడు "ఇదే పూర్తి, చివరి సెటిల్మెంట్" అని ఏదైనా సంతకానికి పంపితే మాత్రం చదవకుండా పెట్టకు, దాంతో జరిమానా హక్కు కూడా పోవచ్చు.

కావెంట్రీ_కుర్రాడు
ఫ్రెండ్ భయం వేరే. వాడు గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నాడు. కోర్టు కేసంటే వీసాకి ఇబ్బంది అంటాడు.

నైట్‌షిఫ్ట్_నాని
ఇది మనవాళ్లలో పెద్ద అపోహ. ఇది సివిల్ వ్యవహారం. నీ డబ్బు నువ్వు అడిగితే వీసా పోదు. ఈ భయం ఏజెంట్లకీ తెలుసు, అందుకే "మీ ఇమిగ్రేషన్ స్టేటస్ చూసుకోండి" లాంటి మాటలు విసురుతారు. ఎవడైనా అలా మెయిల్ రాస్తే దాన్ని కూడా దాచిపెట్టుకోండి.

రెడింగ్_ఓనర్
ఓనర్లకి కూడా ఒకటి చెప్పి వదిలేస్తా. డిపాజిట్ సరిగ్గా పెట్టకపోతే జరిమానా ఒక్కటే కాదు, ఖాళీ చేయించడమూ కుదరదు. ఇన్నాళ్లూ సెక్షన్ 21 నోటీసు (కారణం చెప్పకుండా ఖాళీ చేయమనేది) చెల్లేది కాదు. రెంటర్స్ రైట్స్ యాక్ట్ 2025తో ఇంగ్లాండ్‌లో ఆ సెక్షన్ 2026 మే 1 నుంచి పోయింది, డిపాజిట్ షరతు మాత్రం వేరే రూపంలో ఉండిపోయింది. కాబట్టి కొత్తగా ఇల్లు అద్దెకిచ్చే మనవాళ్లు డబ్బు పడిన రోజే కస్టోడియల్‌లో పెట్టి, కాగితం మెయిల్ చేసేయండి. టీ కాచినంత సేపు పట్టదు.

స్కాట్లాండ్_సీతయ్య
మీరంతా ఇంగ్లాండ్ గొడవలో ఉన్నారు. గ్లాస్గోలో ఉన్నవాళ్లు ఈ అంకెలు పట్టుకుని పోకండి. ఇక్కడ గడువు 30 పని దినాలు, డిపాజిట్ రెండు నెలల అద్దె దాకా తీసుకోవచ్చు, స్కీములు వేరు, కోర్టు కాకుండా ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. ముఖ్యంగా, జరిమానా కోసం ఇల్లు వదిలిన మూడు నెలల్లోపు అప్లై చేయాలి. ఆరేళ్లుంది కదా అని కూర్చుంటే అంతే సంగతులు.

లెస్టర్_లక్ష్మి
నా కేసు ఇంకో రకం. సెప్టెంబర్ ఇన్‌టేక్‌లో వచ్చాను. వాట్సాప్ గ్రూప్‌లో "సింగిల్ రూమ్, తెలుగు అమ్మాయిలకి మాత్రమే" అని చూసి చేరాను. ఇల్లు ఒక అక్క పేరు మీద అద్దెకుంది, ఆవిడా అదే ఇంట్లో ఉంటుంది. 400 డిపాజిట్ ఆవిడకే ఇచ్చాను. మూడు స్కీముల్లోనూ వెతికాను, లేదు. నేనూ జరిమానా అడగొచ్చా?

లా_చదువుతున్నా
కుదరదు లక్ష్మి గారూ. ఆవిడ అదే ఇంట్లో ఉంటూ మీకు గది ఇస్తోంది కాబట్టి చట్టం దృష్టిలో మీరు లాడ్జర్. స్కీమ్‌లో పెట్టాలన్న నియమం ఆవిడకి వర్తించదు. యూనివర్సిటీ సొంత హాల్స్‌కీ వర్తించదు. అంటే డబ్బు ఇవ్వనక్కర్లేదని కాదు. ఎగ్గొడితే మామూలు బాకీలాగా కౌంటీ కోర్టులో స్మాల్ క్లెయిమ్ వేయొచ్చు. డబ్బు ఎలా ఇచ్చారు?

లెస్టర్_లక్ష్మి
200 బ్యాంకు ట్రాన్స్‌ఫర్. 200 క్యాష్.

పప్పుచారు
ఇప్పుడే వాట్సాప్‌లో "అక్కా, మొత్తం 400 డిపాజిట్ ఇచ్చాను కదా, ఖాళీ చేసేటప్పుడు ఎన్ని రోజుల ముందు చెప్పాలి?" అని మామూలుగా అడుగు. "నెల ముందు చెప్పు" అని రిప్లై వస్తే ఆ క్యాష్‌కీ రాతపూర్వకంగా ఒక ఆధారం వచ్చినట్టే.

లెస్టర్_లక్ష్మి
పంపాను. రెండు బ్లూ టిక్కులు పడ్డాయి. టైప్ చేస్తోంది.

మిర్చిబజ్జి
పాప్‌కార్న్ ఎవరికైనా కావాలా?

మోడరేటర్
ఏజెంట్ పేర్లు, ఇంటి అడ్రసులు, స్కీమ్ సర్టిఫికెట్ నంబర్లు ఇక్కడ పెట్టకండి. ఒకరు ఫొటో పెట్టారు, తీసేశాను. లక్ష్మి గారి లాడ్జర్ ప్రశ్నలకి వేరే థ్రెడ్ తెరిచాను, ఆవిడ స్క్రీన్‌షాట్లు అక్కడ పేరు చెరిపి పెట్టొచ్చు.